బలసముద్రంలో పదకొండు రోజులు

హిందూపురం నుంచి పావగడకు పొద్దున ఏడున్నరకు బస్సు ఉంది. మా ఆయన నన్ను ఏడింటికే బస్టాండుకు తెచ్చి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, కండక్టరుకు రెండుసార్లు అప్పజెప్పాడు. "ఈమెకేం తెలీదు. పావగడలో నువ్వే చూసి దింపప్పా" అన్నాడు. అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. పెళ్ళయి వచ్చింది మొదలు తోడు లేకుండా వీధి చివరి అంగడికి కూడా పోలేదు. పోవద్దని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పాలు, కూరగాయలు, మందులు అన్నీ ఇంటికే వచ్చేవి. నేను గడప దాటే పని పడలేదు, అంతే.

ఈసారి పని పడింది. నా కోడలు సుజాత తొలికాన్పుకని బలసముద్రంలో పుట్టింటికి పోయింది. ఏడో నెల. అక్కడ వాళ్ళమ్మ హనుమక్క బండ మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. నా కొడుకు మహేశు సైన్యంలో ఉన్నాడు, సరిహద్దు దగ్గర. వాడికి సెలవు దొరకలేదు. మా ఆయన అంగడి వదిలి రాలేడు. ఇక మిగిలింది నేను. వారం రోజులుండి రమ్మన్నాడు.

అది కర్ణాటక బస్సు. పక్కనున్న ఆమె ఆధార్ కార్డు చూపించి ఊరికే టికెట్ తీసుకుంది. నేనూ నాది చూపించాను. "ఇది ఆంధ్రాదమ్మా, దుడ్డియ్యాల. మా కర్ణాటక ఆడోళ్ళకే ఊరికే" అని కండక్టరు నవ్వాడు. పక్కామె ఊరుకోలేదు. "మా పక్క కోడలిగా వచ్చింటే నీకూ ఊరికే అయ్యుండు గదా" అంది. "మీ పక్కనించి కోడల్ని తెచ్చుకున్నా, అది చాల్దా?" అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది. ముఖం తెలియని మనిషితో నేను అలా ఎప్పుడూ మాట్లాడలేదు.

మడకశిర మీదుగా తొమ్మిదిన్నరకు పావగడ చేరాం. బస్టాండు నుంచి చూస్తే కొండ బండ నెత్తిమీదే ఉన్నట్టుంటుంది. ఎదురుగా చిన్న హోటల్లో చిత్రాన్నం వేడిగా దొరుకుతుంది. ఒంటరిగా హోటల్లో కూర్చుని తినడం అదే మొదటిసారి. గోడ వైపు తిరిగి తిన్నాను.

నేను అక్షరాలు నేర్చుకుంది నలభై ఏడో ఏట, మా వీధి టీచరమ్మ దగ్గర, మధ్యాహ్నం గిన్నెలు కడిగాక. నేర్చుకుంది తెలుగే. అయినా పావగడలో కన్నడ బోర్డులు చూస్తే, తెలిసినవాళ్ళే వేరే తలపాగాలు చుట్టుకుని నిలబడినట్టుంది. "తిరుమణి" అని కూడబలుక్కుని చదివి, ఎవరినీ అడగకుండా బస్సెక్కాను. ఎక్కాక కండక్టరును మూడుసార్లు అడిగాననుకోండి.

తిరుమణిలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. ఊరు దాటగానే రెండు పక్కలా నీళ్ళు మెరిశాయి. "ఈ ఎండల్లో కూడా చెరువులు నిండుండాయే" అన్నాను. "ఈడ చెరువు యాడిదమ్మా, అవి సోలారు ప్లేట్లు. కొత్తగా వచ్చినోళ్ళంతా అదే మాట" అన్నాడు ఆటో అతను. పన్నెండుకు బలసముద్రం చేరాను.

హనుమక్క మంచం మీదుంది, కాలికి సిమెంటు కట్టు. "రా వదినా. కాలు నాది ఇరిగితే కష్టం నీకొచ్చె" అంది. పెరట్లో ఎనిమిది గొర్రెలు మేత చాలక అరుస్తున్నాయి. పక్కింటి గంగమ్మ తన గొర్రెలతోబాటు వాటినీ తోలుకుపోతోందట గాని, అన్నింటినీ ఒక్కతే అదుపు చెయ్యలేక సగం ఇంటి దగ్గరే వదిలేస్తోంది.

నేను పోయిన మూడో రోజున సరిహద్దులో యుద్ధం మొదలైంది. ఆ పొద్దున మహేశు ఫోన్ చేసి, "కొన్నాళ్ళు ఫోన్ పని చెయ్యదు, భయపడొద్దండి" అన్నాడు. అంతే. తర్వాత మాట లేదు. సుజాత టీవీ ముందు కూర్చుంది. ఫోన్ ఒళ్ళోనే పెట్టుకునేది. సంగటి ముద్ద కంచంలో ఎండిపోయేది. పలకరిస్తే "తింటా అత్తా" అనేది, తినేది కాదు. ఆశా కార్యకర్త వచ్చి చూసి, నన్ను పక్కకు పిలిచింది. "పిల్ల బరువు తగ్గిండాదమ్మా. తల్లి తినకుంటే కడుపులోది ఎట్ల పెరుగుతాది? ఎట్లైనా తినిపించండి" అని చెప్పి పోయింది.

ఐదో రోజు మా ఆయన ఫోన్. "రేపే వచ్చేయ్. ఆ ప్లేట్లు పైనించి మెరుస్తాయంట. ఆడికే బాంబులేస్తారని మన అంగట్లో అందరూ అంటాండారు."

నాకూ భయమేసింది. అయినా, "సుజాత తినడం లేదు. ఆ పిల్ల తిన్నాక వస్తా" అన్నాను.

"నీకేం తెలుసే యుద్ధం గురించి?"

"యుద్ధం గురించి తెలీదు. ఆ పిల్ల తినలేదని తెలుసు" అని ఫోన్ పెట్టేశాను. మా ఇంట్లో ఎప్పుడైనా ముందు పెట్టేసేది ఆయనే.

బాంబుల మాట ఊళ్ళోకీ వచ్చింది. గంగమ్మ మామ ఈరన్న తాత పాతకాలపు గొర్రెల కాపరి. మర్నాడు సాయంత్రం ఆరింటికి, మా గుమ్మం ఎదుట వీధి సోలారు దీపానికి నిచ్చెన ఆనించి ఎక్కాడు. తన నల్ల కంబళిని దీపం మీదా, దాని పైనున్న చిన్న సోలారు పలక మీదా కప్పి, తాడుతో బిగించి కడుతున్నాడు. వీధంతా గుమిగూడింది.

"మామా, ఏం జేస్తాండావు?" అని గంగమ్మ అరిచింది.

"పైనోళ్ళకు కనపడకుండా కప్పుతాండా."

"ఒకసారి ఎనక్కి జూడు సామీ! వేల ఎకరాలు మెరుస్తాండాది. దానికి యాడనించి తెస్తావు కంబళి?"

తాత నిచ్చెన మీద నుంచే తిరిగి చూశాడు. "అది కంపెనీది. కంపెనీ కప్పుకుంటాది. మన దీపం మనం కప్పుకోవాల. ఈ ఇంట్లో కడుపుతో ఉండే పిల్ల ఉండాది, తెలీదా?"

గుమ్మంలో నిలబడిన సుజాతకు నవ్వొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. నేను అదే అదనని లోపలికి పోయి సంగటి, ఊరుబిండి పచ్చడి తెచ్చి చేతికిచ్చాను. గుమ్మంలోనే కూర్చుని సగం ముద్ద తినింది. ఆ రాత్రి వీధిలోకి దీపం వెలుగు రాలేదు. కంబళి తీయమని ఎవరూ అనలేదు.

మరుసటి రోజు నుంచి నేనూ గొర్రెల వెంట పోయాను. సుజాత తినేదాకా ఇల్లు కదలకూడదనుకున్నాను, ఇప్పుడు ఆ సగం ముద్ద ధైర్యమిచ్చింది. పొద్దున ఎనిమిదికి పోయి, పన్నెండుకు తిరిగి వస్తాం. ప్లేట్ల చుట్టూ కంచె ఉంది. ఆ కంచె పక్కన తుమ్మచెట్లు. గంగమ్మ దోటికర్రతో కాయలు రాలిస్తే గొర్రెలు ఎగబడతాయి. "చిన్నప్పుడు లోపలంతా మా శెనక్కాయ చేన్లే వదినా. ఇప్పుడు కంపెనీ బాడిగొస్తాది, గడ్డి రాదు" అంది. గొర్రెల్ని ఎలా పిలవాలో నేర్పించింది. మొదటి రోజు నా పిలుపుకు ఒక్కటీ తిరగలేదు. రెండో రోజు ముసలి గొర్రె ఒకటి తలెత్తి చూసింది. నాకు ఎంత సంతోషమయ్యిందో చెప్తే నవ్వుతారు. ఆ ఎండలో, ఆ గాలిలో, నా తలమీద పైకప్పు లేకుండా పూటంతా గడపడం పెళ్ళయ్యాక అదే మొదలు.

యుద్ధం ఆగిందని టీవీలో చెప్పారు. మహేశు నుంచి మాత్రం కబురు లేదు. సుజాత మళ్ళీ కంచం పక్కకు నెట్టింది.

పదో రోజు పదకొండు గంటలప్పుడు నా బొడ్లో ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"అమ్మా, నేను. బాగుండా. సుజాత ఫోన్ ఆఫైంది, ఏమైంది?"

పొద్దుటి నుంచి ఊళ్ళో కరెంటు లేదు. ఇంత కరెంటు పుట్టే ఊరే, అయినా ఫోన్‌కు చార్జింగ్ లేదు. "ఎంతసేపు మాట్లాడచ్చు నాయనా?" అన్నాను.

"ఐదు నిమిషాలు. నా ఎనక వరసలో ఉండారు."

ఇల్లు అర మైలు దూరం. నా గొంతు దాకా వంద మాటలు వచ్చాయి. "పెట్టెయ్యొద్దు, మాట్లాడతానే ఉండు" అని చెప్పి చీర ఎగదోపుకున్నాను.

"గొర్రెల్ని నేను జూసుకుంటా. పరిగెత్తు వదినా!" అని గంగమ్మ అరిచింది.

కంచె వెంబడి పరిగెత్తాను. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. లోపల ప్లేట్లు కడుగుతున్న ఆడవాళ్ళు పైపులు వదిలేసి, "ఏమైందమ్మా? పామా?" అని కేకేశారు. "కొడుకు! ఫోన్!" అన్నాను. అంతే, వాళ్ళంతా చేతులూపుతూ "బిరీన పో! బిరీన పో!" అని అరిచారు. చెవి దగ్గర మహేశు, "అమ్మా, మెల్లగా, పడతావు. అమ్మా, రాళ్ళుంటాయి చూసుకో" అంటూనే ఉన్నాడు. నాకు బదులు చెప్పే ఊపిరి లేదు.

సుజాత చేతిలో ఫోన్ పెట్టి గుమ్మంలో కూలబడ్డాను. ఆ పిల్ల రెండు చేతులతో ఫోన్ చెవికి అదుముకుంది. తర్వాత, "తింటా... ఒట్టు, తింటా... నువ్వు తిన్నావా?" అంది. లోపల మంచం మీద హనుమక్క దేవుడికి గట్టిగా దండాలు పెడుతోంది. నిమిషంలో లైను తెగిపోయింది.

"అత్తా, నీకియ్యక ముందే పాయె. నువ్వు ఒక్క మాటైనా మాట్లాడకపోతివి" అని సుజాత ఏడ్చింది.

"దారంతా నాతోనే మాట్లాడినాడులే" అన్నాను.

ఆ మధ్యాహ్నం అడగకుండానే కంచం తెచ్చుకుని నా ఎదుట కూర్చుంది. ముద్ద మొత్తం తిని, ఇంకో సగం అడిగింది.

పదకొండో రోజు హనుమక్క చెల్లెలు వచ్చి ఇంటి పని అందుకుంది. ఎనిమిదిన్నరకు నేను బయలుదేరాను. గంగమ్మ కొత్త చెప్పుల జత తెచ్చి ఆటోలో పెట్టింది, వద్దన్నా వినలేదు. పావగడలో పదకొండుకు హిందూపురం బస్సు దొరికింది. మా ఆయన ఫోన్ చేసి బస్టాండుకు రానా అని అడిగాడు. "ఎందుకు, అంగడి చూసుకో. నేనొస్తా" అన్నాను. ఆయన "సరే, జాగ్రత్త" అన్నాడు.

ఆ ఊళ్ళో చూడడానికి ఏముందని అడిగితే చెప్పలేను. ఎండ ఎక్కువ, నీళ్ళు తక్కువ. పోయేవాళ్ళు సీసా నింపుకుని, తలకు గుడ్డ కట్టుకుని పోవాలి. అయితే ఆ వీధి మనుషులు నన్ను ఏమీ తెలియనిదానిలా ఒక్కరోజూ చూడలేదు. కర్ర చేతికిచ్చారు, పరిగెత్తమన్నారు. ఆ మేలు మరువను.

మడకశిరలో బస్సు పది నిమిషాలు ఆగింది. టీకి దిగుదామంటే పిక్కలు పట్టేసి, కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగాల్సి వచ్చింది. వెనకున్న కాలేజీ పిల్ల చెయ్యి అందించి, "మోకాళ్ళ నొప్పులా పెద్దమ్మా?" అని అడిగింది.

"కాదమ్మా, నిన్న పరిగెత్తినా" అన్నాను.