నెమ్మది మాస్టారు కొన్న పట్టు

నెమ్మది మాస్టారు ఇంట్లో తెలియకుండా ఎవరికో పట్టుబట్టలు కొన్నాడని మన వీధిలో ఒక మాట తిరుగుతోంది. ఒకటి కాదట, నాలుగట. నాలుగూ ఒకే రకమట. వినేవాళ్ళు ముక్కున వేలేసుకుంటున్నారు, చెప్పేవాళ్ళు ఆ వేలు తీసేలోపు ఇంకో ముక్క కలుపుతున్నారు. అందులో నిజమెంతో, నిజం కానిదెంతో ఉన్నదున్నట్టు చెప్పుకుంటే అందరికీ మంచిది. ఎందుకంటే ఆ మాటలో కొంత నిజం ఉంది. ఆయన కొన్నది పట్టే.

ఆయన డ్రైవింగు స్కూల్లో నేర్పే మాస్టారు. ఆ స్కూలు కార్లో నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఒక బ్రేకు, పక్కసీట్లో మాస్టారి కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటాయి. పొద్దున కారెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఆయన కాలు ఆ రెండో బ్రేకు మీద గాల్లోనే ఉంటుంది. తొక్కితే నేర్చుకునేవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు, తొక్కకపోతే ఎదుటివాడి బండి చిన్నదవుతుంది. నోటితో మాత్రం రోజంతా ఒకటే జపం. నెమ్మది, నెమ్మది, ఇంకాస్త నెమ్మది. అలా పడింది ఆ పేరు. ఇంటి అద్దె కట్టే చోట కూడా నెమ్మది మాస్టారనే అంటారు.

వచ్చేవాళ్ళు కూడా అలాగే ఉంటారు. ఒకాయన పెద్ద ఉద్యోగం, మలుపు వస్తే కళ్ళు మూసుకుంటాడు. అదేమిటండీ అంటే, చూస్తే భయమేస్తోందంటాడు. ఒకావిడ గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా మాస్టారి మోకాలు పట్టుకుని ఊపుతుంది, పైగా బండి కదలడం లేదని ఆయన్నే కోప్పడుతుంది. మాస్టారు నవ్వడు, విసుక్కోడు. సాయంత్రం ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుని కుడి పిక్కను రెండు చేతులా పిసుక్కుంటాడు, పిండి ముద్దను పిసికినట్టు. ఇంట్లోకి వెళ్ళాలన్న సంగతి కాసేపటికి గాని గుర్తు రాదు.

ఆయన భార్య పళ్ళ డాక్టరు దగ్గర వచ్చినవాళ్ళ పేర్లు పిలిచే పని చేస్తుంది. పన్ను నొప్పితో వచ్చినవాళ్ళు ఎంత తియ్యగా మాట్లాడతారో వేరే చెప్పక్కర్లేదు. ఆమె ఇంటికొచ్చేసరికి నోట్లో ఉన్న మాటలన్నీ అయిపోయి ఉంటాయి. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ అలసిపోయినవాళ్ళే. ఒకరు దీపం వేస్తే ఒకరు తలుపు వేస్తారు. అంతే కాపురం.

మాస్టారికి ఒక సొంత కారుంది. చిన్నది, పాతది, తలుపు మూస్తే డబ్బా మూత వేసినట్టు మోగుతుంది. కాని ఇంజను గట్టిది. సెలవురోజు పొద్దున్నే ఆయన ఆ కారు తీసి ఊరి చివర రాళ్ళ గుట్ట మీదికి వెళ్ళే మెలికల రోడ్డు ఎక్కుతాడు. పిచ్చివాడిలా తోలడు. ఎదుటివాడి దారిలోకి పోడు, హద్దు మీరడు. కాని వంపుకు ముందు గేరు తగ్గించి, వంపు లోపల కారును ఒంచి, వంపు దాటగానే కాలు గట్టిగా నొక్కి బండిని పైకి లాగిస్తాడు. గుట్ట దిగి ఇంటికొచ్చేసరికి ఆ ముఖంలో ఎవరో కడిగి తుడిచినంత వెలుగుంటుంది. మర్నాడు సాయంత్రానికి అది ఉండదనుకోండి.

పోయిన వానల్లో ఆ రోడ్డు మీద కారు జారింది. మాస్టారు చక్రం తిప్పాడు, కారు తిరగలేదు. పెంకి గొర్రెలా నేరుగా పోయి మట్టిగట్టును గుద్దుకుంది. ఆయనకు ఏమీ కాలేదు. భార్య గీసుకుపోయిన తలుపునూ ఆయన్నూ మార్చిమార్చి చూసి, "ఇంక ఆ రోడ్డు ఎక్కనని చెప్పండి" అంది. ఆయన ఎక్కనని చెప్పాడు. చెప్పినప్పుడు మనస్ఫూర్తిగానే చెప్పాడు.

వానలు వెనకబట్టేదాకా మాట మీద ఉన్నాడు. తర్వాత ఒక సెలవురోజు పొద్దున తాళాలు తీసుకుంటూ "టైర్లకు గాలి కొట్టించుకొస్తా" అన్నాడు. వచ్చేసరికి పొయ్యి మీద నీళ్ళు రెండుసార్లు కాగి చల్లారాయి. మరుసటి సెలవుకూ గాలే. ఆ పై సెలవుకూ గాలే. లోకంలో ఏ కారూ అంత గాలి తిని ఉండదు. భార్య ఏమీ అనలేదు. అనుమానం లేక కాదు, అడిగే ఓపిక లేక.

మాస్టారి మనసు మాత్రం కుదురుగా లేదు. పక్కసీట్లో కూర్చుని బుద్ధులు చెప్పేవాడు సొంత ఇంట్లో మాట తప్పాడు. మాట ఎలాగూ నిలబడలేదు, కనీసం కారైనా నిలబడాలనుకున్నాడు. ఉన్న టైర్లు అరిగిపోయాయి. అందుకని బజారు వెనక వీధిలో ఉన్న టైర్ల కొట్టుకు వెళ్ళాడు.

కొట్టతను లావుపాటి మనిషి, చెయ్యి ఎక్కడ పెట్టినా నల్లటి ముద్ర పడుతుంది. వచ్చిన ప్రతివాణ్ణీ ముందు ఒకటే అడుగుతాడు.

"ఎలా తోలతారు మాస్టారూ?"

"నెమ్మదిగా" అన్నాడు మాస్టారు, అలవాటు కొద్దీ.

కొట్టతను వంగి పాత టైరు అంచుల మీద బొటనవేలు రాశాడు. "నెమ్మదిగా తోలేవాళ్ళకు టైరంతా సమంగా అరుగుతుంది. మీకు అంచులు నున్నగా అయిపోయాయి. వంపుల్లో గట్టిగా తిప్పితేనే ఇలా అవుతుంది. నాకు చెప్పడానికేం, నేను మీ ఆవిణ్ణి కాదుగా."

మాస్టారు అటూ ఇటూ చూసి, దొంగసొత్తు పేరు చెప్పినట్టు, "హుషారుగా" అన్నాడు.

ఆ మాట ఆ ముఖానికి ఎంత అతికిందో గాని, కొట్టతను నవ్వలేదు. టైర్లు దించాడు. మొదటి రకం రాయిలా గట్టిది. ఏళ్ళ తరబడి అరగదు, తడి రోడ్డు మీద మాత్రం సబ్బుబిళ్ళే. రెండో రకం పందేల వాళ్ళు వేసేది. ఎండలో వేడెక్కిన రోడ్డుకు జిగురులా అంటుకుంటుంది, చలిపొద్దున బిగుసుకుపోయి చెక్కలా మారుతుంది, వానకు పనికిరాదు. మూడోది ఈ రెంటికీ మధ్యది, అన్ని కాలాలకూ వచ్చేది. రబ్బరు మరీ మెత్తన కాదు, మరీ గట్టి కాదు. నీళ్ళు బయటికి చిమ్మడానికి లోతైన గాడులు వంపుగా కోసి ఉన్నాయి. టైరు పక్కభాగం బిర్రుగా ఉంది, చక్రం తిప్పగానే మాట వింటుంది.

"అయితే ఇందులో లోటేమీ లేదా?"

"లేకేం. ఎండలో పందెం టైరంత అంటుకోదు, మొండి టైరంత కాలం రాదు. అన్నీ ఉన్నది టైర్లలోనూ లేదు, మనుషుల్లోనూ లేదు. మీకు ఏది తక్కువైనా పరవాలేదో అది చెప్పండి."

మాస్టారు ఆ రోజు తేల్చుకోలేకపోయాడు. ఎటూ తేల్చుకోలేనివాళ్ళకు నేర్పీ నేర్పీ ఆయనకూ అదే పట్టుబడిందేమో. మూడు సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని ఆలోచించి, నాలుగో సాయంత్రం అక్కణ్ణుంచే కొట్టుకు ఫోను చేశాడు. సరిగ్గా ఆయన తల మీది అంతస్తులో కుట్టుమిషను వదిన కిటికీ ఉంది. వీధిలో సగం మందికి బట్టలు కుట్టేది ఆవిడే, మిగతా సగం మంది సంగతులు చెప్పేదీ ఆవిడే. మిషను ఆపి వినాలా అంటే, ఆపకుండా వినడం ఆవిడకు వచ్చు.

"ధర సంగతి తర్వాత" అంటున్నాడు మాస్టారు గొంతు తగ్గించి. "నాకు పట్టు ముఖ్యం. వానలో తడిసినా పట్టు పట్టులాగే ఉండాలి. మరీ మెత్తనిదైతే ఎక్కువ కాలం రాదు కదా. ఆ గీతలు వంపుగా ఉన్న రకం చూపించారు చూడండి, అదే. ఆ, నాలుగూ. నాలుగూ ఒకటే రకం. ఇంటికి పంపకండి, ఇంట్లో తెలియకూడదు. నేనే వస్తాను."

బట్టలు కుట్టే మనిషి చెవికి పట్టు అంటే ఏ పట్టు వినపడుతుంది? ఆవిడ తప్పేమీ లేదు. సూది పడ్డ చోటే దారం పడుతుంది.

మర్నాడు ఆవిడ మాస్టారి భార్యకు మెట్ల దగ్గర ఎదురుపడింది.

"వదినా, మీ ఇంటికి పట్టు వస్తోందటగా. కుట్టుపని నాకే ఇవ్వాలి సుమా."

"ఏం పట్టు?"

"అయ్యో, నేనేమీ అనలేదమ్మా. నాకెందుకు వచ్చిన గొడవ."

నేనేమీ అనలేదు అన్న మాటంత పెద్ద మాట ఇంకోటి ఉంటుందా. రెండు రోజుల్లో అది వీధి చివర ఇస్త్రీ బల్ల దాకా వెళ్ళి, అక్కడ మడతలు పెట్టించుకుని మరీ తిరిగొచ్చింది. స్కూల్లో మోకాలు పట్టుకునే ఆవిడ కూడా, "మాస్టారూ, పట్టు ఏ కొట్లో బాగుంటుందండీ" అని అడిగింది. స్కూలు యజమాని పక్కకు పిలిచి, "ఆడవాళ్ళు నేర్చుకోడానికొచ్చే చోటు ఇది. నిజమో అబద్ధమో నాకక్కర్లేదు. ఆ మాట ఆగకపోతే మిమ్మల్ని కారెక్కించలేను" అన్నాడు.

మాస్టారికి విషయం అప్పుడు అర్థమైంది. ఒక్క మాట చెబితే చాలు, అవి బట్టలు కావు టైర్లు అని. కాని టైర్లు ఎందుకని భార్య అడుగుతుంది. గుట్ట రోడ్డు బయటపడుతుంది. చెప్పకపోతే పరాయి ఆడదాని వెంట పడ్డవాడు, చెబితే మాట తప్పినవాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో పిక్క నొప్పి. కాదని చెప్పడానికి కూడా కాస్త ఓపిక కావాలి. అది ఆయన దగ్గర సాయంత్రానికి మిగలడం లేదు.

ఇంట్లో కూరలో ఉప్పు పడలేదు. వెయ్యలేదని ఆమె చెప్పలేదు, లేదని ఆయన చెప్పలేదు. ఇద్దరూ చప్పగానే తిన్నారు. ఆమె కంచాలు తీస్తూ ఒక్కసారి ఆయన ముఖంలోకి చూసింది. ఇంత అలసిపోయిన మనిషి ఇంకో మనిషి దగ్గరికి వెళ్ళే శక్తి ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడా అని ఆమెకు కోపం కంటే ముందు ఆశ్చర్యం వేసింది. అంతలోనే, ఆ శక్తి ఏదో నాకు మిగల్చలేదని ఏడుపొచ్చింది.

ఆ వారం చివర మధ్యాహ్నం కుట్టుమిషను వదిన పరుగున క్లినిక్కుకే వచ్చింది.

"వదినా, మీ ఆయన కారు బజారు వెనక వీధిలోకి తిరిగింది. ఆ వీధిలోనే పట్టుబట్టల కొట్టుంది. నేను చెప్పాననొద్దు. నేను తోడొస్తాను."

మాస్టారి భార్య పిలవాల్సిన పేర్లు ఇంకొకరికి అప్పగించి లేచింది. వెళ్ళేసరికి పట్టుబట్టల కొట్లో బేరాలు లేవు, కొట్టువాడు విసనకర్రతో ఈగలు తోలుకుంటున్నాడు. దాని ఎదురుగా టైర్ల కొట్టు ముందు చిన్న కారు నాలుగు కాళ్ళూ విరిగినదానిలా దిమ్మల మీద నిలబడి ఉంది. పక్కన పాత టైర్ల దొంతర మీద మాస్టారు కూర్చునే నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని ఉంది. కుడి పాదం మాత్రం నిద్రలోనే ఉండుండి నేలను నొక్కుతోంది.

కుట్టుమిషను వదిన కొట్టంతా కలయజూసింది. "మరి పట్టు ఏదయ్యా?"

"పట్టా?" అని కొట్టతను కొత్త టైరు మీద ఫెడీమని చరిచాడు. "ఇదిగోనమ్మా. వానలో తోలినా వదిలితే నన్నడగండి. నాలుగూ ఒకటే రకం, మాస్టారు ఏరికోరి తీసుకున్నారు."

ఆవిడ ముఖం చూడాలి. పట్టుకుని కొలవబోతే కొలతబద్దే విరిగినట్టయింది. "నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా, మాస్టారు అలాంటి మనిషి కాదని" అని, మిషను మీద గుడ్డ వదిలి వచ్చానంటూ వెళ్ళిపోయింది. ఇక్కడిదాకా తెలిసినవాళ్ళు నవ్వుకుని ఇంటికి పోవచ్చు.

మాస్టారి భార్య నవ్వలేదు. విప్పి పడేసిన పాత టైర్లను చూసింది. వాటి అంచులు చూసింది. గాలి కొట్టించుకొస్తా అన్న పొద్దుటిపూటలన్నీ ఆ అంచుల మీదే అరిగి ఉన్నాయి. పరాయి మనిషి లేదని తేలిన క్షణంలోనే తనకిచ్చిన మాట లేదనీ తేలింది. ఒక బరువు దించి ఇంకో బరువు నెత్తికెత్తినట్టు, ఆమె అక్కడే దొంతర చివర కూర్చుండిపోయింది. ఆ కదలికకు ఆయనకు మెలకువ వచ్చింది. ఆమెను చూశాడు, టైర్లను చూశాడు.

కొట్టతను చక్రాలు బిగించేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. తర్వాత ఆమె కారెక్కింది. ఆయన కొత్త టైర్ల మీద కారును స్కూలు కారంత మెల్లగా నడిపాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టి దాటిపోయారు. పాలకేంద్రం దాటాక ఆమె అంది.

"వాళ్ళందరూ అన్నది నిజమే అయితే, ఒక్కసారి ఏడ్చి ఊరుకునేదాన్నేమో. ఇది ఊరుకునేది కాదు. ప్రతి సెలవుకూ మీరు తిరిగొచ్చేదాకా గాలికే వెళ్ళారు, గాలికే వెళ్ళారని నాకు నేను చెప్పుకున్నాను."

"నువ్వు వద్దంటే ఇప్పుడే వెనక్కి తిప్పి ఇచ్చేస్తాను."

"నేను వద్దనే అన్నాను. అప్పుడే అన్నాను."

మలుపు దగ్గర అలవాటుగా ఆయన పెదాలు నెమ్మది అని కదిలాయి, పక్కన ఎవరూ తోలకపోయినా. ఆమె అది చూసింది. అప్పుడు, మట్టిగట్టును గుద్దిన రోజు నుంచీ గొంతులో పెట్టుకుని తిరుగుతున్న ప్రశ్న అడిగేసింది.

"నిజం చెప్పండి. అక్కడ మీకు భయం వెయ్యదా?"

మాస్టారు కారు పక్కకు తీసి ఆపాడు. పిక్క మీద చెయ్యి వేసుకున్నాడు.

"వేస్తుంది. వెయ్యకేం. కాని వారమంతా పక్కసీటువాళ్ళ భయం నా కాల్లోకి దిగుతుంది. అది నాది కాదు, విదిలించుకుందామన్నా పోదు. గుట్ట మీద వేసేది ఒక్కటే నాది. దాన్ని నేనే తోలుకెళ్ళి నేనే తోలుకొస్తాను. నీకు ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, గాలి అన్నాను."