మాట మీద అద్దెకిచ్చిన షెడ్డు

అడ్మిషన్ల రోజుల్లో పిల్లలకు ఏ కోర్సులో చేరాలో, ఏ కాగితాలు కావాలో చెప్పడం కాలేజీలో నా పని. ఆ ఏడాది చేపలవాళ్ల అమ్మాయి ఒకతె వచ్చింది. మంచి మార్కులు. సీటుకు కావాల్సిన లోకల్ సర్టిఫికెట్ మాత్రం లేదు. పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లోనే అయినా, అమ్మానాన్నలు ఎప్పటినుంచి ఇక్కడ ఉంటున్నారో చూపే కాగితం ఒక్కటీ లేదు.

"అద్దె రసీదులైనా లేవా?"

"హాడోలో షెడ్డులో ఉండేవాళ్లం సర్. మాలిక్ ఎప్పుడూ ఇవ్వలేదంట."

హాడోలో రసీదులివ్వని ఆ షెడ్ల యజమాని మా నాన్నే. ఆ సంగతి ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు. "రూల్ అంటే రూలేనమ్మా. వచ్చే ఏడాది చూద్దాం" అని పంపేశాను.

మా తాత కలప కాంట్రాక్టరు. హాడో పేటలో సగం మాదేనని వింటూ పెరిగాను. అద్దెకున్నవాళ్లు రసీదు అడిగితే నాన్నకు తల తీసేసినట్టుండేది. నా మాట చాలదా అనేవారు. అదే పెద్దరికమనుకున్నాను. ఆయన పోయాక తెలిసింది, షెడ్లున్నది సర్కారు నేలలో. రసీదు రాస్తే గుట్టు బయటపడేది. తర్వాత మా ఇంటితో సహా అవన్నీ సర్కారువాళ్లు కూల్చేశారు. నేను లంబాలైన్‌లో అద్దె గదుల్లోకి మారాను. ఎందుకు మారానో ఎవరికీ చెప్పుకోలేదు.

వారం తర్వాత ఆ అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మీరా బాబుగారూ! ఈ పిల్ల సర్ సర్ అంటంటే ఎవురో అనుకున్నాను." కూతురి వైపు తిరిగింది. "మన షెడ్డు ఈళ్లదేనే!"

అమ్మాయి నన్నే చూసింది. "పిఛ్లే హఫ్తే, నేనొచ్చినప్పుడే చెప్పొచ్చు కదా సర్? వారం పోయింది."

"నోర్ముయ్యే. బాబుగారు మర్సిపోయుంటారు."

నేను మరిచిపోలేదు. అయినా ఆ తల్లి ఇచ్చిన సాకును కాదనలేకపోయాను.

అప్పుడే ముగ్గురం తహసీల్దారు ఆఫీసుకు వెళ్లాం. సర్కారు నేలలో మా నాన్న షెడ్లు వేశారనీ, ఈ పిల్ల పుట్టకముందే ఈ కుటుంబం అందులో అద్దెకుందనీ రాసిచ్చాను.

"అంటే కబ్జా జమీనా?" గుమాస్తా గట్టిగానే అడిగాడు. వరసలో వాళ్లు తిరిగి చూశారు.

"అవును."

విచారణ జరగాలన్నాడు. అడ్మిషన్ల ఆఖరి తేదీలోగా అవుతుందో లేదో చెప్పలేనన్నాడు. వారం ముందొస్తే సరిపోయేదట.

బయట బెంచీ మీద తల్లి పక్కకు జరిగింది. "కూకోండి బాబుగారూ."

కూర్చున్నాను. ఆఖరి తేదీ ఎప్పుడని అమ్మాయి నన్ను అడగలేదు. ఫోన్‌లో తనే వెతుక్కుంటోంది.