చిన్నాయన రాసిన నీలం తలుపు ఇల్లు

పోయిన గురువారం మా చుట్టాలందరం ఉండే ఫోన్ గ్రూపులో హోసూరులో ఉన్న మా మేనకోడలు ఒక ఫోటో పెట్టింది. చూస్తే మా చిన్నాయన పుస్తకంలోని ఒక పేజీ. "అత్తా, మాకెవురికీ తెలుగు చదవను రాదు. నువ్వు చదివి వాయిస్ పెట్టు, అందరం వింటాము" అని కింద రాసింది, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. పిల్ల అడిగింది ఎంత చిన్న కోరిక! నేను మాత్రం ఫోన్ బోర్లా పెట్టి వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. నేను పుట్టుపిరికిదాన్నే, ఒప్పుకుంటాను. బల్లి మీద పడితే ఊరంతా వినపడేట్టు అరుస్తాను. కానీ చిన్నాయన రాసింది పదిమందిలో గట్టిగా చదవమంటే పుట్టే భయం వేరు. అది పదిహేనేళ్ళనాడు కెలమంగలంలో, ఆయన క్లినిక్ బెంచీ దగ్గర పట్టుకుంది.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. కెలమంగలం బస్టాండు వెనక సందులో రెండు గదుల క్లినిక్ పెట్టి ముప్పై ఏళ్ళు వైద్యం చేశారు. ఊళ్ళో అందరికీ ఆయన డాక్టరప్ప. యాభై దాటాక ఆయనకు కథల పిచ్చి పట్టింది. మధ్యాహ్నం రోగుల రద్దీ తగ్గగానే, మందుల కంపెనీలవాళ్ళు ఇచ్చిపోయిన ప్యాడ్లు తిరగేసి వెనకవైపు రాసేవారు. ఆయన కథల్లో దగ్గు లేని మనిషి ఉండడు. దుర్మార్గుడైతే లివరు చెడి తీరాలి. నాయిక ప్రేమలో పడే ముందు ఒకసారి నాడి చూపించుకోవలసిందే. "ఈయప్పకు మందులు రాయమంటే చెయ్యి నొప్పి, కతలు రాయమంటే లేదు" అని చిన్నమ్మ విసుక్కునేది. అయినా ఆయన రాసింది బాగుండేది. రోగి నాలుక చూస్తూనే, ఆ మనిషి ఏ మాట చెప్పబోయి మింగాడో కూడా పట్టుకునేవారు. అదంతా కథల్లోకి వచ్చేది.

తమిళనాడు అంచున ఉండే మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. ఇళ్ళల్లో తెలుగు, బడిలో అరవం, అంగట్లో రెండూ, బెంగళూరు బస్సెక్కితే కన్నడం. తెలుగు మాట్లాడేవాళ్ళు వీధి నిండా ఉంటారు, తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేను హోసూరులో తెలుగు బడికి పోయినదాన్ని కాబట్టి ఆ వేళ్ళల్లో ఒకదాన్ని. చిన్నాయన దీన్నే నమ్ముకున్నారు. కథలో మనిషి పేరు ఒక్కటి మార్చేవారు, తక్కిందంతా ఉన్నదున్నట్టు దించేవారు. ఊరు, ఆవుల సంఖ్య, తలుపు రంగు, జబ్బు, అన్నీ. "ఎట్ల చిన్నాయనా, వాళ్ళకు తెలిస్తే?" అని నేనొకసారి అడిగితే నవ్వారు. "మనోళ్ళకు ఎవురికి చదవను వస్తాదే? కతలు పోయేది ఆంధ్రాకు. వీళ్ళుండేది ఈడ" అన్నారు. అంత చదువుకున్న మనిషి చేసిన తప్పు ఇది. దానికి నా తప్పు వచ్చి తోడైంది.

నేను క్లినిక్‌లో చీటీలు రాసి మాత్రలు ఇచ్చేదాన్ని. మొదటి పుస్తకం చిత్తూరులో అచ్చయి కట్టలుగా వచ్చినప్పుడు, బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా అట్ట తడిమి చూశారు. "డాక్టరప్ప ఏమి రాసినాడో చదువమ్మా, మేమూ వింటాము" అన్నారు. నేను మొదలుపెట్టాను. వారానికొక కథ. వాళ్ళు ఎంత ఇష్టంగా విన్నారంటే, చీటీ నంబరు పిలిచినా లేచేవాళ్ళు కాదు. లోపల చిన్నాయన ఖాళీగా కూర్చుని తన కథ బయట చదువుతుంటే చెవులు రిక్కించేవారు. ముందుగా చదివి పెట్టుకోవడం నాకు ఇష్టముండేది కాదు. వాళ్ళతోపాటే నేనూ కొత్తగా వినాలని సరదా. ఆ సరదాను తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు చిన్నాయన లోపల ఒకరికి కుట్లు వేస్తూ వినిపించుకోలేదు. కథలో ఉద్దనపల్లి దారిలో నీలం తలుపుల ఇల్లు. ఇంటి వెనక పట్టుపురుగులు పెంచే ఇల్లు. అత్తకు కుడి మోకాలు వాపు. కోడలికి చిన్నప్పటినుంచీ ఫిట్స్. పుట్టింటివాళ్ళు దాచి పెళ్ళి చేశారు. కోడలు నెలనెలా డాక్టరు దగ్గర మాత్రలు తెచ్చుకుని, పురుగుల ఇంటి దూలం సందులో దాచుకుంటుంది. అంతవరకు చదివి పేజీ తిప్పుతూ తలెత్తాను. బెంచీ చివర ఒక అత్త కుడికాలు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన ఆమె కోడలు. ఆ పిల్లకు నెలనెలా ఫిట్స్ మాత్రలు పొట్లం కట్టి, అత్తకు వినపడేట్టు "రక్తం మాత్తరలు" అని చెప్పి ఇచ్చేది నేనే. ఆ పిల్ల బెంచీ అంచును రెండు చేతులతో పట్టుకుని నన్నే చూస్తోంది.

ఆపితే అనుమానం, చదివితే ఆ పిల్ల సంసారం పోతుంది. "ఆపితివేమమ్మా? చదువు" అని ఎవరో తొందరపెట్టారు. నేను పుస్తకం చూస్తూనే నోటికొచ్చింది అల్లడం మొదలుపెట్టాను. ఉద్దనపల్లి మత్తూరయింది. ఫిట్స్ కాస్తా కడుపులో మంటయింది. ఒక ముసలాయన ఊరుకోలేదు. "ఇప్పుడే కదమ్మా ఫిట్సంటివి?" అన్నాడు. "అద్దాలు సరిగా లేవప్పా, తప్పు చదివినాను" అన్నాను. ఆ అత్త మాత్రం మోకాలు రుద్దుకుంటూ నా చేతిలోని పుస్తకాన్నే చూసింది. నంబరు వచ్చాక లోపలికి పోయి సూది వేయించుకుని, కోడలిని వెంటపెట్టుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం చిన్నాయనకు చెప్పాను. పాము కరిచినవాళ్ళను తెచ్చినా తొణకని మనిషి, కుర్చీలో అట్లాగే జారగిలబడిపోయారు. "అత్త ఆ మాత్తరలు పారేస్తే? ఒక్కసారిగా నిలిపితే ఫిట్స్ మీద ఫిట్స్ వస్తాదే. ప్రాణం పోతాది" అన్నారు. ఆ పిల్ల మాత్రలకు రావలసిన తారీకు మరో తొమ్మిది రోజుల్లో ఉంది. ఆ తారీకు వచ్చింది, పోయింది. ఆమె రాలేదు. ఉద్దనపల్లి బస్సు వచ్చి ఆగినప్పుడల్లా నేను సందు మొదటికి పరుగెత్తేదాన్ని. బస్సు ఖాళీ అయ్యేదాకా చూసి తిరిగొచ్చేదాన్ని. ఏ ఊళ్ళోనైనా బావిలో ఎవరో పడ్డారని వినపడితే ఆ మనిషి ఎవరో కనుక్కునేదాకా అన్నం ముట్టేదాన్ని కాదు. ఇంటికి పోయి అడగడానికీ లేదు. డాక్టరు వెతుక్కుంటూ వచ్చాడంటే అదే పెద్ద సాక్ష్యం. వారం గడిచాక చిన్నాయన తట్టుకోలేకపోయారు. మోకాలు చూసే నెపంతో నన్ను స్కూటరు ఎక్కించుకుని బయలుదేరారు.

ఆ అత్త వాకిట్లో కూర్చుని మల్బరీ కొమ్మలు నరుకుతోంది. కోడలు ఎక్కడా కనపడలేదు.

"మోకాలు ఎట్లుందమ్మా?" అన్నారు చిన్నాయన.

"మోకాలు చూడను ఇంత దూరం వచ్చినావా డాక్టరప్పా?"

నేను మధ్యలో కలగజేసుకుని, "కోడలు యాడమ్మా?" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి ఇంటి వెనక్కి కేకేసింది. ఆ పిల్ల జుట్టునిండా ఆకుచెత్తతో బయటికి వచ్చింది. బతికే ఉంది. "పురుగులకు చివరి మేత, ఇంక గూళ్ళు కడతాయి. గుక్క తిప్పుకోను టైము లేదు. నువ్వు పో లోపలికి" అని కోడలిని పంపేసి, అత్త గొంతు తగ్గించింది. "నీ కతలో విని వెతికితే, దూలం సందులో మాత్తరల ఖాళీ పట్టీ దొరికింది. కృష్ణగిరికి ఎత్తుకపోయి మందులంగట్లో చూపించి, రెండు నెలలకు అయ్యేట్ల తెచ్చినాను. ఇంక మీ తావకు రాము."

"మాత్తరలు మా దగ్గరే ఉండాయి కదమ్మా" అన్నారు చిన్నాయన.

"నీ తావకు వస్తే మళ్ళా పుస్తకంలో ఏస్తావు" అంది. తర్వాత కొడవలి పక్కన పెట్టి రెండు చేతులూ జోడించింది. "నా కొడుక్కు తెలీదు. తెలిస్తే వాడేమంటాడో నాకే తెలీదు. నీకు దండం పెడతాను సామీ, ఇది మాత్రం రాయొద్దు." అన్ని రోజులూ మేము ఆమెకు భయపడ్డాం. ఆమె మాకు భయపడుతోందని అప్పుడు తెలిసింది.

తిరుగుదారిలో చిన్నాయన స్కూటరు ఒక పక్కకు ఆపారు. "నా కతలో ఆయమ్మ కోడల్ని ఇల్లు వెళ్ళగొడతాదే. రాక్షసి మాదిరి రాసినాను" అన్నారు. ఇంటికి వచ్చి మిగిలిన పుస్తకాలన్నిటిలోంచీ ఆ కథను బ్లేడుతో కోసేశాం. కానీ చెవిన పడిన మాటను ఎవరు కోయగలరు? డాక్టరప్ప మన గుట్టంతా పుస్తకాల్లో రాస్తాడట అని ఊళ్ళో పాకింది. రోగులు ఆయన ముందు మాటలు మింగడం మొదలైంది. ఒకాయన గుండెనొప్పిని గ్యాసు అని చెప్పి ఇంటికి పోబోయాడు. చిన్నాయన అనుమానపడి పరీక్ష చేయబట్టి బతికాడు. ఆ సాయంత్రమే ఆయన, "చెప్పని రోగానికి మందెట్ల ఇచ్చేది? ఈ కుర్చీలో నేనుండేది వీళ్ళకు ప్రమాదం" అన్నారు. కథలు మానేస్తారనుకున్నాను. క్లినిక్ మూశారు. తర్వాత రెండు పుస్తకాలు రాశారు. రెంటిలోనూ ఉన్నది ఒకే మనిషి, తన నోటికి తానే భయపడే ఒక డాక్టరు. నలుగురూ మెచ్చుకున్నది ఆ రెంటినే. ఆయన పోయి ఆరేళ్ళయింది.

నిరుడు కృష్ణగిరి బస్టాండులో ఆ కోడలు కనపడింది. తలలో నెరిసిన వెంట్రుకలు, చేతిలో మందుల సంచి. ఆమే నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. "మా అత్త పోయి మూడేండ్లాయమ్మా. పోయేదాకా ఆయమ్మే వచ్చి తెచ్చేది. ఇప్పుడు నేనే వస్తా ఉండాను, ఫిట్స్ మాత్తరలకు" అంది, బస్సుల హారన్ల మీదుగా, గట్టిగా. ఇంట్లో మొగుడికీ తెలుసట, పిల్లలకూ తెలుసట. ఇదంతా రాసుకోనా అని అడిగితే, "రాసుకో, ఊరూ తలుపూ మార్చు" అని నవ్వింది. మార్చాను. ఆమె అట్లా నవ్వుతుంటే నేను మాత్రం ఎవరైనా విన్నారేమోనని నాలుగు వైపులా చూశాను. ఆమెకు ఎప్పుడో గడిచిపోయిన కాలం నాకింకా గడవలేదు; మేనకోడలు పంపిన పేజీ ఫోన్‌లో అట్లాగే ఉంది, వాయిస్ ఇంకా పెట్టలేదు.