పది రోజుల క్లాంపు

ఆసుపత్రిలో అందరూ ఆమెను ఫిట్టరమ్మ అనే పిలిచేవారు. ఇరవై రెండేళ్లుగా బాయిలరు, పంపులు, ఆవిరి పైపులు ఆమె చేతుల మీదుగానే నడుస్తున్నాయి. మూడేళ్ల కిందట యంత్రాల వివరాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు పాతవాళ్లంతా గొణుక్కుంటే, ఆమె ఒంటి వేలితో టైపు చేయడం నేర్చుకుంది. ఏది చెడింది, ఏం చేశాం, అది ఎన్నాళ్లు ఆగుతుంది, అన్నీ పూసగుచ్చినట్టు రాసేది. 'వివరణ' గడిలో నవలలు రాస్తోందని తోటివాళ్లు ఆటపట్టించేవారు. "నేను సెలవులో ఉంటే ఆ పైపు లేచొచ్చి మీకు చెబుతుందా?" అనేది.

ఒక సోమవారం లాండ్రీకి వెళ్లే ఆవిరి పైపు మలుపు దగ్గర కారడం మొదలుపెట్టింది. గోటితో గీస్తే ఇనుము పొరలు రాలుతున్నాయి. కొత్త ముక్క స్టోరులో లేదు. ఉతకడం ఆపితే వార్డుల్లో దుప్పట్లుండవు. ఆమె ఆవిరి ఆపించి, పైపు చల్లారాక వేడికి ఆగే పట్టీ చుట్టి క్లాంపు బిగించింది. పూర్తిగా తెరవొద్దని వాల్వుకు ఎర్ర అట్ట కట్టింది. కంప్యూటరులో ఇలా రాసింది: "తాత్కాలిక మరమ్మతు. ఆవిరి ఒత్తిడి సగానికి మించకూడదు. పది రోజుల్లో పైపు ముక్క మార్చాలి." కొత్త ముక్క కావాలని ఇండెంటు కూడా అందులోనే పెట్టింది. మర్నాడు అత్తగారి కంటి ఆపరేషనుకని రెండు వారాలు సెలవు మీద వెళ్లింది.

పన్నెండో రోజు పొద్దున బాయిలరు ఆపరేటరు ఫోను చేశాడు. క్లాంపు ఎగిరిపోయింది. దుప్పట్ల బండి తోసుకుంటూ అటుగా వస్తున్న, లాండ్రీలో పనిచేసే ఇస్త్రీ పిన్ని కుడి చెయ్యి మోచేతి నుంచి భుజం దాకా కాలిపోయింది.

ఫిట్టరమ్మ పరుగున వార్డుకు వెళ్లింది. చేతికి కట్టుతో పడుకున్న పిన్ని ఆమెను చూసి, "నీ క్లాంపే ఊడిందంటున్నారే అమ్మాయ్. నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు" అంది.

బయటికి రాగానే మెమో చేతికిచ్చారు. మరమ్మతు నాసిరకంగా చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. మరమ్మతు పూర్తయినట్టు రికార్డులో ఆమె పేరు మీదే ఉందట. వెళ్లి కంప్యూటరు తెరిచి చూసింది. నిజమే. తాత్కాలికమని ఎర్రగా ఉండాల్సిన వరుస, పూర్తయిందని ఆకుపచ్చగా ఉంది. ఒత్తిడి మాట లేదు, పది రోజుల మాట లేదు. పని పూర్తయిందన్నాక ముక్కెందుకని ఇండెంటు దానంతటదే రద్దయిపోయింది. కింద ఆమె పేరు మాత్రం పదిలంగా ఉంది.

ఆపరేటరు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. రికార్డులో పూర్తయిందని ఉంటే ఇంకా ఈ అట్టేమిటని మెయింటెనెన్సు ఆఫీసరు గద్దించాడనీ, తానే విప్పేసి ఒత్తిడి పూర్తిగా పెంచాననీ చెప్పాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నేరుగా కంప్యూటరు సెక్షనుకు వెళ్లి, చెరిపేసినది ఎక్కడైనా మిగిలి ఉంటుందా అని అడిగింది. అక్కడి అమ్మాయి మారుమాట్లాడకుండా వెతికి చూపించింది. ప్రతి మార్పూ చేసినవాళ్ల పేరుతో, గంటా నిమిషంతో సహా ఉంది. ఆఫీసరు సమీక్ష సమావేశానికి ముందురోజు సాయంత్రం నాలుగింటికి కూర్చుని, ఇరవై నిమిషాల్లో ముప్పై ఎనిమిది తాత్కాలిక మరమ్మతులను పూర్తయినవాటి కింద మార్చేశాడు. ఒక్క యంత్రం దగ్గరికీ వెళ్లి చూడలేదు. మిగిలిన పని ఒక్కటీ లేదని సమావేశంలో అతనికి చప్పట్లు కొట్టారని ఆ అమ్మాయే చెప్పింది.

విచారణలో సూపరింటెండెంటు ఎదుట ఆఫీసరు తొణక్కుండా మాట్లాడాడు. కారడం ఆగింది కాబట్టి పని పూర్తయినట్టేనని, పదాల తేడా తప్ప మరేమీ లేదని అన్నాడు.

"కారడం ఆగింది సార్," అంది ఫిట్టరమ్మ. "పది రోజులు ఆగుతుందని నేను రాశాను. ఆ పది రోజుల్నీ మీరు చెరిపేశారు. నా పేరొక్కటీ ఉంచారు. పిన్ని చెయ్యి కూడా అలాగే ఆకుపచ్చ చేసెయ్యండి, మానిపోతుందేమో."

విషయాన్ని పెద్దది చేయొద్దని, లోపల్లోపలే సర్దుకుందామని సూపరింటెండెంటు నచ్చజెప్పబోయాడు. ఆమె ముప్పై ఎనిమిది యంత్రాల జాబితా బల్ల మీద పెట్టి, వీటిలో నాలుగు ఇవాళే మనిషి ప్రాణం తీయగలవనీ, వాటిని ఆపడానికి వెళుతున్నాననీ చెప్పి లేచింది.

అన్నంత పనీ చేసింది. మూడింటిని ఆపించి, చివరికి లిఫ్టు దగ్గరికి వచ్చింది. రోగులను తీసుకెళ్లే రెండు లిఫ్టుల్లో ఒకదానికి బ్రేకు సరిగ్గా పట్టడం లేదు. దాన్ని ఆపి, తలుపుకు అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుంది. రెండో లిఫ్టు కోసం కాచుకోలేక విసుక్కున్న డాక్టర్లకూ నర్సులకూ చూడవచ్చినవాళ్లకూ, ఎవరు అడిగితే వాళ్లకు, ఎందుకు ఆపిందో మొదటి నుంచీ చెప్పింది. సాయంత్రానికల్లా ఆసుపత్రిలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. ఇక దాన్ని సర్దేయడం ఎవరి వల్లా కాలేదు.

మెమోను రెండు వాక్యాల కాగితంతో వెనక్కి తీసుకున్నారు. క్షమాపణ మాటే లేదు. ఆఫీసరును పక్క భవనానికి మార్చారు. తాత్కాలిక మరమ్మతును ఎవరు చేశారో వాళ్లే వచ్చి చూసి ముగించాలని కంప్యూటరులో నిబంధన పెట్టారు. పిన్ని మోచెయ్యి మాత్రం మళ్లీ పూర్తిగా చాచడానికి రాలేదు. ఇప్పుడు కూర్చుని దిండు గలీబులు మడత పెడుతోంది.

ఆమధ్య వరండాలో ఆఫీసరు ఎదురుపడి, "ఇంకా కోపమేనామ్మా?" అని నవ్వబోయాడు.

"ఉంది సార్," అని, ఆమె పనిముట్ల పెట్టె చేయి మార్చుకుని పంపుల గదివైపు నడిచింది.