రోజుకో ప్రశ్న

నిన్న మా మనవరాలు ఫోన్లో ఊరి పేరూ, సూర్యాస్తమయమూ అని రెండే మాటలు కొట్టి, ఏ పేజీ తెరవకుండానే పైన పడిన జవాబు చూపించి మురిసిపోయింది. ఆ కిటుకు నాకు ముందే తెలుసనీ, దాన్ని ఒకరికి నేర్పి పొరపాటు చేశాననీ ఆ పిల్లకు చెప్పలేకపోయాను.

నరసరావుపేటలో కాలువల ఆఫీసులో గుమాస్తాగా చేరిన నాటి నుంచీ డైరీ రాయడం నా అలవాటు. వెతుక్కోవడం తేలిక కావాలని పేజీ అంచున గుర్తులు పెట్టేవాణ్ణి: వాన పడితే చుక్క, కాలువకు నీళ్లు వదిలితే గీత, చావు కబురైతే సున్నా. నేను రిటైరయ్యాక, రెండిళ్ల అవతల ఉండే రైతు ఒకాయన, నన్ను బావా అని పిలిచేవాడు, రోజూ పొద్దున్నే మా మేడ మెట్లెక్కి వచ్చి ఏదో ఒకటి అడిగేవాడు. పోయినేడు నీళ్లెప్పుడు వదిలారనో, మాచర్ల రైలు ఎన్నింటికనో, కోటప్పకొండ తిరునాళ్లనాడు వాన పడిందా అనో. నేను కళ్లజోడు తుడుచుకుని డైరీలు తిరగేసేలోపు ఆయన కాఫీ తాగి, మిరపకు పట్టిన తెగులును నాలుగు తిట్లు తిట్టి, "ఏంది బావా, నువ్వు చెప్పేలోపు కోతలే అయిపోయేట్టున్నయ్యే" అనేవాడు.

మోకాళ్ల నొప్పితో ఆయన మెట్లెక్కడం చూడలేక, ఫోన్లో వెతకడం నేనే నేర్పాను. వానకైతే ఊరి పేరూ వాతావరణమూ, లెక్కకైతే వట్టి అంకెలు, రైలుకైతే రెండు ఊళ్ల పేర్లు చాలని వరుసగా కాగితం మీద రాసి కూడా ఇచ్చాను.

"అయితే ఇంక నీతో పన్లేదన్నమాట" అన్నాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.

హాస్యమనుకుని, మెట్లెక్కే బాధ తప్పిందిగా అన్నాను.

మర్నాటి నుంచి ఆయన రాలేదు. జవాబులు దొరుకుతున్నాయి కాబోలని నేనూ వెళ్లలేదు. నెల తిరక్కముందే, ఒక పొద్దున, గుండె ఆగి పోయాడని కబురొచ్చింది.

కర్మ అయ్యాక ఆయన భార్య ఆ కాగితం నా చేతికిచ్చింది. మడత విప్పినట్టే లేదు.

"అయ్యన్నీ ఆయనకి తెలవకనా అన్నయ్యా? పొద్దున్నే చొక్కా ఏసుకునేవాడు, కాసేపు కూచొని మళ్లీ ఇప్పేసేవాడు. ఎల్లరాదా అంటే, బావే వద్దన్నాడుగా అనేవాడు" అంది.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఇంత చిన్న సంగతి తెలియాలన్నా ఎవరో ఒకరి గడప ఎక్కవలసి వచ్చేది, ఎక్కాక అడగవలసింది మరిచిపోయి కబుర్లలో పడేవాళ్లం. ఇప్పుడు ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

నిన్న మనవరాలు వెళ్లాక పాత డైరీలు దించి, ఆయన మా ఇంటికి వచ్చిన రోజుల కోసం వెతికాను. అంచుల వెంట చుక్కలున్నాయి, గీతలున్నాయి. ఆయన రాకకు నేను ఏ గుర్తూ పెట్టుకోలేదు. ఆయన పేరిట దొరికింది ఒక్క సున్నా.