ఇత్తడి గుల్లకు కొబ్బరినూనె

మొన్న ఉదయం మా ఆవిడ, ఏసీ గదిలో గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను అరచేతుల మధ్య కరిగిస్తూ విసుక్కుంటుంటే నాకు నవ్వు ఆగలేదు. చల్లటి గదిలో ఆ నూనె మాట వినదన్న సంగతిని దుబాయ్ మొత్తంలో నా అంత మూర్ఖంగా తెలుసుకున్నవాడు మరొకడు ఉండడు.

కరోనా ఏడాది జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో గోడౌను ఉద్యోగం పోయాక ఒక షూటింగ్ క్లబ్బు వర్క్‌షాపులో చేరాను. తల నెరిశాక కొత్త పని నేర్చుకోవడం ఎంత మొహమాటమో మీకు వేరే చెప్పాలా? రైఫిల్ పేల్చాక మిగిలే ఇత్తడి గుల్లలను మళ్లీ తూటాలకు సిద్ధం చేయడం మా పని. పేలినప్పుడు గుల్ల ఉబ్బుతుంది. దాన్ని కడిగి, ఒంటికి పల్చగా వేరే రకం నూనె రాసి, ఉక్కు అచ్చులోకి మీట నొక్కి దూరిస్తే నడుం తగ్గి పూర్వపు కొలతకు వస్తుంది. దానికి మూతి, మెడ, భుజం అన్నీ ఉంటాయి, లోపల మాత్రం ఖాళీ. చూడగానే దగ్గర బంధువనిపించింది.

నేర్పినవాడు జగిత్యాల వైపు ఉస్తాద్. నాకంటే చిన్నవాడే కానీ నోరు మాత్రం తుపాకీ. "నూనె జాస్తయితే భుజం సొట్టపడ్తది, తక్వయితే అచ్చుల ఇరుక్కుంటది, యాదిపెట్టుకో అన్నా" అని చెప్పి చాయ్‌కి వెళ్లాడు. అంతలోనే నూనె డబ్బా అడుగంటింది. అడిగితే చేతకానివాణ్ణనుకుంటారని, సంచిలో ఉన్న కొబ్బరినూనె తీశాను. తలకు పనికొచ్చింది మెడకు పనికిరాదా అనుకున్నాను. ఏసీ చలికి అది ఒకచోట ముద్దకట్టి, ఒకచోట అంటనే లేదు. గుల్ల అచ్చులో సగానికి వెళ్లి బిగుసుకుంది. బలంగా లాగితే అడుగు అంచు ఊడి వచ్చింది. ఆ కొలత అచ్చు క్లబ్బులో అదొక్కటే, దగ్గర్లోనే షూటింగ్ పోటీలున్నాయి, నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. ముదీర్‌కు, అదే మా మేనేజరుకు, తెలిస్తే నా ఉద్యోగం ఖలాస్.

ఉస్తాద్ వచ్చి వాసన చూశాడు. "ఏందే అన్నా, తూటాకు తలంటు పోస్తున్నవా?"

నవ్వుతూనే గుల్ల అడుగున రంధ్రం వేసి, మర కోసి, బోల్టు బిగించి మెల్లగా లాగాడు. టప్పున ఊడింది, అచ్చుకు గీత పడలేదు. నా ప్రాణం కుదుటపడింది. ముదీర్‌కు ఒక్క మాట చెప్పలేదు మహానుభావుడు. ముదీర్‌కు తప్ప అందరికీ చెప్పాడు. ఆ కొబ్బరి పుణ్యమా అని నేను ఖోప్రా సాబ్‌నయ్యాను.

ఆ పేరుతోనే ఎన్ని మధ్యాహ్నాలు హాయిగా గడిచాయో! గుల్లల మెడలు మెత్తబడాలని మంట చూపిస్తూ, మూతులు నునుపు చేస్తూ, మా మూతులకు మాత్రం తాళం లేకుండా కబుర్లాడుకునేవాళ్లం. ఇప్పుడు మెషీనే నూనె రాస్తుంది, మెషీనే నొక్కుతుంది. కుర్రవాళ్లందరూ నన్ను సార్ అంటారు. ఆ గౌరవం నాకెందుకో వదులుగా ఉంటుంది.

నిరుడు ఉస్తాద్ వీసా ముగించుకుని ఊరికి వెళ్లిపోయేటప్పుడు డేరా బజారులో అతనికి చొక్కా కొన్నాను, కావాలనే ఒక సైజు తక్కువ. అందరి ముందూ తొడిగించాం. బొత్తాలు పెట్టలేక "సైజు తప్పు తెచ్చినవే అన్నా!" అని మొత్తుకున్నాడు.

"చొక్కా కొలత సరిగ్గానే ఉంది ఉస్తాద్, నువ్వే ఉబ్బావు" అన్నాను.

వర్క్‌షాపంతా పకపకలాడింది. ఊపిరి బిగబట్టుకునే ఎయిర్‌పోర్టుకు బయలుదేరాడు గానీ, చొక్కా మాత్రం విప్పలేదు.