ర్యాప్ మధ్యలో నాన్నగారి ప్రార్థన

ర్యాప్ పాడుతూ బతకాలని కలలుగంటున్న డిగ్రీ రోజులవి. మాది గుడివాడ. నాన్నగారు పాస్టరు. చర్చి యువజన కూడికలో పాడతానని పేరిచ్చాను గానీ, అది ర్యాపని ఆయనకు చెప్పలేదు. పైగా ఖాళీ క్యాసెట్ దొరక్క, ఆయన ప్రసంగాల క్యాసెట్ ఒకటి తీసి, దాని మీదే బీటు రికార్డు చేశాను.

వేదికెక్కాక ముందు వరసలో ఆయన్ను చూశాను. భయంతో, టేపులో బీటు మొదలైన చాలాసేపటికి గానీ పాట అందుకోలేదు. చివరి చరణం మిగిలుండగానే బీటు అయిపోయి, స్పీకర్లలోంచి ఆయన గొంతు వినిపించింది.

"అందరం కళ్ళు మూసుకుందామండీ. ప్రార్థన చేసుకుందాం."

అలవాటు కొద్దీ హాల్లో అందరూ తలలు వంచారు. కళ్ళు తెరిచి ఉన్నది మేమిద్దరమే. ఆయన నన్నే చూస్తున్నారు. అందరూ "ఆమెన్" అనేదాకా మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఇంటికెళ్ళాక ఆయన సైకిలు స్టాండు వేస్తూ అన్నారు.

"రెండో వైపు ఖాళీయేరా. దాని మీద చేసుకోవాల్సింది."

తర్వాత ఎన్నో వేదికలెక్కాను. ర్యాపర్‌గా నా తొలి పాట మాత్రం ఆ రెండో వైపే రికార్డు చేశాను. క్యాసెట్ తిప్పి వేస్తే, ఆ బీటు అయ్యాక ఇప్పటికీ నాన్నగారు ప్రార్థిస్తూనే ఉంటారు.